ఉద్యోగం చేస్తూ సొంత ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడపడం ఎలా?

పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ తెరుస్తారు. కిందటిసారి ఎక్కడ ఆపారో గుర్తు తెచ్చుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఏదో లైబ్రరీ వెర్షన్ మారి ప్రాజెక్టు రన్ కాదు, దాన్ని సరిచేయడానికి మరో ఇరవై. ఈలోగా ఎవరో పెట్టిన ఇష్యూకి (బగ్ గురించో కోరిక గురించో రాసిన పోస్టుకి) జవాబు రాద్దామని కూర్చుంటే ఇంకో పావుగంట. కోడ్ ఒక్క లైను కూడా ముందుకు కదలకుండానే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఇలాంటి రాత్రులు వరుసగా నాలుగు వచ్చాయంటే ఎంత ఇష్టమైన ప్రాజెక్టయినా మూలన పడుతుంది.

వారానికి నాలుగు గంటలు దొరికితే చిన్న ప్రాజెక్టు ఏళ్ల తరబడి బతుకుతుంది. అందుకు ఇంకో గంట ముందు నిద్ర లేవాల్సిన పనిలేదు. కూర్చున్న ఐదు నిమిషాల్లో పని మొదలయ్యేలా ప్రాజెక్టును సిద్ధం చేసుకోవాలి. ఇతరులకు మీరిచ్చే మాటలు మీ దగ్గరున్న గంటలను దాటకుండా చూసుకోవాలి. డేనియల్ స్టెన్‌బెర్గ్ 1998లో విడుదల చేసిన కర్ల్‌ను (ఇంటర్నెట్ మీద డేటా పంపే, తెచ్చే టూల్), 2019లో అదే తన పూర్తికాల ఉద్యోగం అయ్యేదాకా, ప్రధానంగా ఖాళీ సమయంలోనే పెంచుకుంటూ వచ్చారు. ఈ రోజు అది లేని ఆపరేటింగ్ సిస్టమ్ దొరకడం కష్టం.

మొదటి అడుగు: కోడ్ ఎవరిదో తేల్చుకోండి

మొదటి కమిట్‌కి (కోడ్ మార్పును నమోదు చేయడానికి) ముందే మీ నియామక పత్రం తీసి చదవండి. చూడాల్సినవి నాలుగు. మేధో సంపత్తి ఎవరికి చెందుతుందనే క్లాజు. ఉద్యోగం కాకుండా బయట చేసే పనులకు అనుమతి కావాలా అన్నది. రహస్య సమాచారం గురించిన నిబంధన. కంపెనీకి పోటీగా ఏమీ చేయకూడదనే షరతు. కొన్ని ఒప్పందాల్లో ఉద్యోగంలో ఉన్నంతకాలం మీరు రాసే ప్రతి లైనూ కంపెనీదే అని ఉంటుంది. అలా ఉంటే మీరు పెట్టిన ఓపెన్ సోర్స్ లైసెన్సుకే విలువ ఉండకపోవచ్చు. మీది కాని కోడ్‌కు మీరు లైసెన్సు ఇవ్వలేరు కదా.

అనుమతి అవసరమైతే ఈమెయిల్‌లో అడగండి. అందులో ప్రాజెక్టు పేరు, అది ఏం చేస్తుందో రెండు వాక్యాలు, ఏ లైసెన్సు పెడుతున్నారో, పని గంటల బయట సొంత కంప్యూటర్ మీద మాత్రమే చేస్తారన్న మాట, కంపెనీ ఉత్పత్తులతో దానికి ఎక్కడా సంబంధం లేదన్న వివరణ ఉండాలి. సంబంధం ఉంటే ఎంతవరకో రాయండి, దాచిపెట్టకండి. మేనేజర్ నోటిమాటగా ‘పర్లేదు, చేసుకో’ అంటే సరిపోదు. రెండేళ్ల తర్వాత ఆ మేనేజర్ అక్కడ ఉండకపోవచ్చు. జవాబు రాతపూర్వకంగా వచ్చాక దాని కాపీ ఆఫీసు మెయిల్‌లో కాకుండా మీ దగ్గర పెట్టుకోండి. ఒప్పందంలోని భాష అర్థం కాకపోతే ఒక లాయర్‌తో గంటసేపు మాట్లాడండి. ఈ మొత్తం గైడ్‌లో డబ్బు ఖర్చు పెట్టదగ్గ చోటు ఇదొక్కటే.

ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు ఈమెయిల్, ఆఫీసు వీపీఎన్, కంపెనీ డబ్బు కట్టిన ఏఐ కోడింగ్ అసిస్టెంట్ ఖాతా, వీటిలో ఏదీ సొంత ప్రాజెక్టుకు వాడకండి. ఎక్కువ మంది తెలియకుండా జారిపోయేది ఈమెయిల్ దగ్గరే. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో పెట్టిన చిరునామా ప్రతి కమిట్‌లోనూ శాశ్వతంగా ఉండిపోతుంది. రెండు ఖాతాలూ ఒకే మెషీన్‌లో ఉండక తప్పకపోతే గిట్ కాన్ఫిగ్‌లోని ‘ఇన్‌క్లూడ్‌ఇఫ్’ సెక్షన్ వాడండి. 2.13 వెర్షన్ నుంచి అది ఉంది. సొంత రిపోలన్నీ (గిట్ చూసుకునే ప్రాజెక్టు ఫోల్డర్లన్నీ) ఒకే ఫోల్డర్ కింద పెట్టి, ఆ ఫోల్డర్‌లో ఉన్నప్పుడు మాత్రమే సొంత ఈమెయిల్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్ చదవమని చెప్పాలి. ఫోల్డర్ దారి చివర స్లాష్ మరచిపోతే లోపలి రిపోలకు అది వర్తించదు, పైగా ఎర్రర్ కూడా రాదు. అందుకే ఒక రిపోలోకి వెళ్లి ‘గిట్ కాన్ఫిగ్ యూజర్ డాట్ ఈమెయిల్’ కొట్టి ఏ చిరునామా వస్తోందో కళ్లారా చూసుకోండి. దీనికి తోడు ‘యూజ్‌కాన్ఫిగ్‌ఓన్లీ’ సెట్టింగును ట్రూ చేస్తే, చిరునామా స్పష్టంగా పెట్టనిచోట గిట్ తానే ఏదో ఊహించి కమిట్ చేసేయకుండా ఆగిపోతుంది.

రెండో అడుగు: నిజంగా ఎన్ని గంటలున్నాయో లెక్కపెట్టండి

ఒక వారం పాటు ఏమీ మార్చకుండా, ప్రతి అరగంటా ఎలా గడిచిందో కాగితం మీద రాసుకోండి. వారం చివర చూస్తే రెండు రకాల ఖాళీలు కనిపిస్తాయి. ఎవరూ కదిలించని ఒక పెద్ద ఖాళీ, సాధారణంగా సెలవురోజు ఉదయం రెండు రెండున్నర గంటలు. పని రోజుల్లో ముప్పావుగంట చొప్పున చిన్న ఖాళీలు రెండో మూడో. అన్నీ కలిపితే నాలుగు గంటలు. ఇదే మీ బడ్జెట్.

ఈ రెండిట్లో ఒకే రకం పని పెట్టకూడదు. డిజైన్ ఆలోచించడం, కొత్త మాడ్యూల్ రాయడం, కొరుకుడుపడని బగ్ వెంట పడటం లాంటివి తలలోకి ఎక్కడానికే సమయం తీసుకుంటాయి. అవి పెద్ద ఖాళీలోకి వెళ్లాలి. టెస్టులు, డాక్యుమెంటేషన్, చిన్న పుల్ రిక్వెస్టుల (చేర్చుకోమని ఇతరులు పంపిన కోడ్ మార్పుల) రివ్యూ, ముందే ఆలోచించి పెట్టుకున్న చిన్న మార్పులు ముప్పావుగంటల్లో సరిపోతాయి. మీ ఉద్యోగం కూడా కోడింగే అయితే ఈ విభజన ఇంకా గట్టిగా పాటించాలి. ఎనిమిది గంటలు కోడ్ రాసొచ్చిన తలతో రాత్రిపూట డిజైన్ నిర్ణయాలు తీసుకుంటే, సెలవురోజు ఉదయం వాటిని తీసేయడమే పనవుతుంది.

నాలుగు గంటలున్నాయని నాలుగు గంటల పని పెట్టుకోకండి. రెండున్నర గంటల పని పెట్టుకోండి. జ్వరాలు, చుట్టాలు, ఆఫీసులో డెడ్‌లైన్లు మిగతాది తినేస్తాయి. ఆన్‌కాల్ డ్యూటీ ఉన్న వారానికి బడ్జెట్ సున్నా అని ముందే రాసేసుకోండి. ఇంట్లోవాళ్లతో ఈ వేళలు మాట్లాడి ఖాయం చేసుకోవడం కూడా ఈ అడుగులో భాగమే. ఆ రెండున్నర గంటలు ఇంటి పని ఎవరో ఒకరు మోస్తున్నారన్నమాట. బదులుగా వాళ్లకు అంతే నికరమైన ఖాళీ మీరు ఇవ్వాలి. అది లేకపోతే ఆ వేళ నెల తిరక్కుండానే కరిగిపోతుంది.

ఎంచుకున్న వేళ మూడు వారాల్లో రెండుసార్లు కూడా నిలబడలేదంటే వేళను మార్చండి. బద్ధకం అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. నిద్ర తగ్గించి గంటలు కలిపే దారి మాత్రం వద్దు. దాని ఫలితం ముందు కోడ్‌లో, తర్వాత ఉద్యోగంలో కనిపిస్తుంది.

మూడో అడుగు: ప్రాజెక్టు చుట్టూ గిరి గీయండి

రీడ్‌మీ ఫైల్ మొదట్లో ప్రాజెక్టు ఏం చేస్తుందో ఒకే వాక్యంలో రాయండి. దాని కిందే ‘ఇది ఏం చేయదు’ అని ఒక పేరా రాయండి. ఉదాహరణకు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక డేటా) ఫైళ్లలో తప్పులు పట్టే టూల్ అనుకుందాం. ‘ఎక్సెల్ ఫైళ్లు చదవదు. తప్పుల్ని తానుగా దిద్దదు. గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ ఉండదు.’ ఈ మూడు వాక్యాలు రాబోయే రెండేళ్లలో ఎన్నో గంటల వాదనల్ని తప్పిస్తాయి. గిరి ముందే గీసి ఉంటే ‘కాదు’ అనడం ప్రాజెక్టు నియమం అవుతుంది. గీయకపోతే అడిగిన ప్రతి ఒక్కరికీ మీరు వ్యక్తిగతంగా కాదన్నట్టు ఉంటుంది, అక్కడ మొహమాటం మొదలవుతుంది.

కొత్త ప్రాజెక్టు ఐడియాలు వస్తూనే ఉంటాయి, ముఖ్యంగా పాతదాంట్లో విసుగు పుట్టించే పని మిగిలినప్పుడు. వాటికో ఫైల్ పెట్టి తేదీ వేసి రాసుకోండి. ముప్పై రోజుల తర్వాత కూడా అంతే ఉత్సాహం ఉంటే అప్పుడు చూడొచ్చు. వారానికి నాలుగు గంటలతో రెండు ప్రాజెక్టులు నడవవు.

నాలుగో అడుగు: ఐదు నిమిషాల్లో పని మొదలయ్యేలా చేయండి

సమయం అసలు మిగిలేది ఇక్కడే, కాబట్టి మొదటి రెండు మూడు సెలవురోజులు దీనికే కేటాయించినా తప్పులేదు.

ముందు ఒక పరీక్ష పెట్టండి. రిపోను వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి కొత్తగా క్లోన్ చేసి, టెస్టులు పాసయ్యేదాకా ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. ఐదు నిమిషాలు దాటితే మిగతా పనులన్నీ ఆపి దీన్ని బాగుచేయండి. భాష వెర్షన్‌ను ఫైల్‌లో రాసి పెట్టాలి. డిపెండెన్సీలకు (ప్రాజెక్టు ఆధారపడే లైబ్రరీలకు) కచ్చితమైన వెర్షన్లు రాసి ఉంచే లాక్ ఫైల్ ఉండాలి, దాన్ని కమిట్ కూడా చేయాలి. డేటాబేస్ లాంటివి కావాలంటే కంటెయినర్‌లో పెట్టండి. సెటప్, టెస్ట్, రన్ ఈ మూడింటికీ ఒక్కో కమాండ్ చొప్పున మేక్‌ఫైల్‌లోనో చిన్న స్క్రిప్టులోనో పెట్టండి. మూడు నెలలు ముట్టుకోకుండా తిరిగొచ్చినా గుర్తు తెచ్చుకోవాల్సింది ఆ మూడు మాటలే కావాలి.

టెస్టులన్నీ రన్ అవడానికి ఆరు నిమిషాలు పడుతుందనుకోండి. ముప్పావుగంటలో నాలుగుసార్లు రన్ చేస్తే సగం సమయం వాటికే పోతుంది. నెట్‌వర్క్, డిస్క్ తాకే టెస్టుల్ని వేరు చేసి, మిగతావి పది సెకన్లలో అయ్యేలా చూడండి. పూర్తి సెట్టును, సర్వర్‌కు పంపిన కోడ్‌ను తానే పరీక్షించే సీఐ సర్వర్‌కు వదిలేయండి.

ఇక ముప్పావుగంట ఎలా వాడాలో చూద్దాం. మొదటి ఐదు నిమిషాలు: కిందటిసారి రాసి పెట్టుకున్న నోటు చదవండి, టెస్ట్ కమాండ్ కొట్టండి, ఎరుపులో ఉన్న, అంటే ఫెయిల్ అవుతున్న టెస్టును చూడండి. తర్వాత అరగంట: ఆ టెస్టును పచ్చగా మార్చడమే పని, వేరే ఏదీ ముట్టుకోకండి. ముప్పై అయిదో నిమిషానికి అలారం పెట్టుకోండి. చివరి పది నిమిషాలు కమిట్ చేసి, పుష్ చేసి (సర్వర్‌కు పంపి), రాబోయేసారికి నోటు రాయడానికి. ఈ చివరి పది నిమిషాల్నే అందరూ ఎగ్గొడతారు. ‘ఇంకొక్క ఐదు నిమిషాలైతే అయిపోతుంది’ అనిపిస్తుంది. అవదు, నోటూ ఉండదు. దాంతో తర్వాతిసారి మొదటి ఇరవై నిమిషాలు గాలికి పోతాయి.

నోటు ఎలా ఉండాలో చూడండి. ‘డేట్ బగ్ చూడాలి’ అన్నది నోటు కాదు. ఇలా ఉండాలి: ‘పార్సర్‌లో తేదీ చదివే ఫంక్షన్, టైమ్ జోన్ లేని తేదీ ఇస్తే పడిపోతోంది. టెస్ట్ రాశాను, ఫెయిల్ అవుతోంది. స్ట్రింగ్‌ను చివర నుంచి కోసే పద్ధతి ప్రయత్నించాను, సెకన్లలో దశాంశాలు ఉంటే తప్పుతోంది, మళ్లీ అటు పోవద్దు. ముందు చేయాల్సింది: జోన్ లేకపోతే యూటీసీ అనుకుని చదివేలా మార్చి టెస్ట్ నడపడం.’ ఎక్కడ ఉన్నారు, ఏది పనిచేయలేదు, ఎందుకు, మొట్టమొదట చేతులు ఏం టైప్ చేయాలి. ఈ నాలుగూ అందులో ఉన్నాయి. ఫెయిల్ అవుతున్న టెస్టును కావాలనే వదిలిపెట్టడం మంచి అలవాటు. మెయిన్ బ్రాంచ్‌లో మాత్రం కాదు, మీ పని బ్రాంచ్‌లో.

సగంలో ఉన్న కోడ్‌ను గిట్ స్టాష్‌లో దాచకండి. స్టాష్ ఆ ఒక్క మెషీన్‌లోనే ఉంటుంది, మామూలు పుష్‌తో సర్వర్‌కు వెళ్లదు. వారం తర్వాత అందులో ఏముందో మీకే తెలియదు. పని బ్రాంచ్‌లో ‘అసంపూర్ణం’ అని రాసి కమిట్ చేసి పుష్ చేయండి, తర్వాత స్క్వాష్ చేసుకోవచ్చు, అంటే అలాంటి కమిట్లను ఒక్కటిగా కలపొచ్చు.

ప్రతి ఇష్యూనూ ముప్పావుగంట ముక్కలుగా కోయండి. ‘ప్లగిన్ సపోర్ట్’ అన్న ఇష్యూ ఎన్నాళ్లైనా అలాగే పడి ఉంటుంది. దాన్ని ‘ప్లగిన్ ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లు చదివి జాబితా ఇచ్చే ఫంక్షన్’, ‘ఒక ప్లగిన్ లోడ్ కాకపోతే మిగతావి ఆగకుండా చూడటం’, ‘ప్లగిన్ రాసేవాళ్ల కోసం ఒక పేజీ డాక్యుమెంట్’ అని విడగొడితే ఒక్కో రాత్రి ఒక్కోటి తెగుతుంది. ఈ కోత పనిని పెద్ద ఖాళీ చివర్లో చేయండి. అప్పటికి మొత్తం చిత్రం తలలో ఉంటుంది.

సమయాన్ని ఎక్కువగా మింగేసేది పక్కదారి. బగ్ దిద్దుతూ లింటర్ (కోడ్‌లో లోపాలు పట్టే టూల్) వార్నింగ్ చూస్తారు, లింటర్ అప్‌గ్రేడ్ చేస్తారు, కొత్త లింటర్‌కు కొత్త భాష వెర్షన్ కావాలంటుంది. అనుకున్న పని నుంచి పది నిమిషాలు పక్కకు వెళ్లారని గమనించగానే, కనిపించిందాన్ని ఇష్యూగా రాసి వెనక్కి వచ్చేయండి. మొత్తం కోడ్ తిరగరాద్దామనే కోరిక కూడా ఇదే జాతిది. వారానికి నాలుగు గంటలవాళ్లు తిరగరాత మొదలుపెడితే సాధారణంగా పాతది ఆగిపోతుంది, కొత్తది పూర్తికాదు.

ఐదో అడుగు: యంత్రం చేయగలిగింది యంత్రానికే ఇవ్వండి

ప్రతి పుల్ రిక్వెస్టుకూ టెస్టులు, ఫార్మాటింగ్ తనిఖీ ఆటోమేటిక్‌గా నడవాలి. ఇండెంటేషన్ గురించి మనిషి వ్యాఖ్య రాసే అవసరం అసలు రాకూడదు. రిపోలు ఉంచే గిట్‌హబ్ సైట్‌లో ఈ తనిఖీలు నడిపేది యాక్షన్స్ సేవ, పబ్లిక్ రిపోలకు దాని సాధారణ రన్నర్లు (నడిపే సర్వర్లు) ఉచితం.

డిపెండెన్సీ అప్‌డేట్లు తెచ్చే డిపెండాబాట్‌ను రోజూ నడిచేలా పెట్టకండి, నెలకోసారి చాలు. దానిలోని గ్రూప్స్ సౌకర్యంతో అప్‌డేట్లన్నీ కలిపి ఒకే పుల్ రిక్వెస్టుగా వచ్చేలా చేయొచ్చు. భద్రతా అప్‌డేట్లకు మీరు పెట్టిన ఆ నెలవారీ షెడ్యూల్ వర్తించదు. వాటిని ఆన్ చేసి ఉంచితే అవసరమైనప్పుడు విడిగా వస్తాయి, కాబట్టి భయం లేదు.

నెలకో వారానికో నడిచే షెడ్యూల్ వర్క్‌ఫ్లో (యాక్షన్స్ తానే నడిపే పని) పెడితే ఒక సంగతి తెలిసి ఉండాలి. పబ్లిక్ రిపోలో 60 రోజుల పాటు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ దాన్ని ఆపేస్తుంది. ‘తనిఖీ నడుస్తోంది, అంతా బాగుంది’ అని మీరు అనుకుంటూ ఉంటారు, అది నడవడమే లేదు.

రిలీజ్ అంటే ట్యాగ్ వేసి పుష్ చేయడం వరకే మీ పని కావాలి. బిల్డ్, ప్యాకేజీ అప్‌లోడ్, రిలీజ్ నోట్స్ అన్నీ వర్క్‌ఫ్లో చూసుకోవాలి. పైథాన్ ప్యాకేజీ అయితే, అలాంటివి పంచే పైపీఐ సైట్‌లో 2023 నుంచి ఉన్న ట్రస్టెడ్ పబ్లిషింగ్ వాడండి. పాస్‌వర్డ్ లాంటి టోకెన్‌ను రిపోలో దాచాల్సిన అవసరం ఉండదు, గడువు తీరిన టోకెన్ కోసం రాత్రిపూట వెతుక్కునే పనీ ఉండదు. రిలీజ్ చేతితో చేయాల్సిన పన్నెండు మెట్లుగా ఉంటే దాన్ని వాయిదా వేస్తారు. వాయిదా వేసేకొద్దీ మార్పులు పేరుకుని రిలీజ్ ఇంకా భయపెడుతుంది.

ఫీచర్ పూర్తయ్యాక రిలీజ్ అనుకోకుండా తేదీ పెట్టుకోండి, నెలలో మొదటి శనివారం అనో, రెండు నెలలకోసారి అనో. లినక్స్ కెర్నెల్ తొమ్మిది పది వారాలకోసారి విడుదలవుతుంది. మొదటి రెండు వారాల మెర్జ్ విండోలో (కొత్త కోడ్ చేర్చుకునే గడువులో) చేరని ఫీచర్ తర్వాతి విడుదల దాకా ఆగుతుంది. అంత పెద్ద ప్రాజెక్టుకు పనికొచ్చిన పద్ధతి చిన్నదానికి ఇంకా బాగా పనికొస్తుంది. ఈ విడుదలకు అందకపోతే కొంప మునగదని తెలిస్తే ఆదరాబాదరాగా కోడ్ రాయరు. రిలీజ్ మాత్రం సెలవు మొదలయ్యే రోజు ఉదయం చేయండి. ఆదివారం రాత్రి చేస్తే, అందులో ఏదైనా విరిగిన సంగతి సోమవారం మీరు ఆఫీసు మీటింగులో ఉండగా తెలుస్తుంది. పైపీఐలో ఒకసారి అప్‌లోడ్ అయిన ఫైల్‌ను అదే వెర్షన్ పేరుతో మళ్లీ పెట్టలేరు. తప్పు విడుదలను ‘యాంక్’ చేసి (మామూలుగా ఇన్‌స్టాల్ కాకుండా గుర్తు పెట్టి), తర్వాతి నంబర్‌తో కొత్తది పంపాలి.

ఆరో అడుగు: ఇతరుల కోరికలకు వేళ పెట్టండి

ప్రాజెక్టు కాస్త పేరు తెచ్చుకున్నాక మీ గంటల్ని తినేది కోడ్ కాదు, ఉత్తరాలు. ముందు ఫోన్‌లో గిట్‌హబ్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఆఫీసులో మధ్యాహ్నం వచ్చిన ఇష్యూ చదివితే జవాబు రాయలేరు, మరచిపోనూ లేరు. ఈమెయిల్స్‌కు ఫిల్టర్ పెట్టి వేరే ఫోల్డర్‌లోకి పంపండి. గిట్‌హబ్ పంపే ప్రతి మెయిల్‌లో ‘ఎక్స్-గిట్‌హబ్-రీజన్’ అనే హెడర్ ఉంటుంది. రివ్యూ అడిగారా, మీ పేరు ప్రస్తావించారా, భద్రతా హెచ్చరికా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. భద్రతా హెచ్చరికల్ని మాత్రం ఇన్‌బాక్స్‌లోకి రానివ్వండి.

వారానికి ఒక్కసారి అరగంట ఇష్యూల కోసం కేటాయించండి. ‘జవాబు రావడానికి రెండు వారాలు పట్టొచ్చు’ అని రీడ్‌మీలోనూ ఇష్యూ టెంప్లేట్‌లోనూ రాయండి. అలా ముందే చెప్పినచోట పదో రోజున జవాబొస్తే సంతోషిస్తారు. ఏమీ చెప్పనిచోట మూడో రోజుకే ‘ఎవరైనా ఉన్నారా?’ అని వ్యాఖ్య పడుతుంది.

టెంప్లేట్‌లో వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, బగ్‌ను మళ్లీ తెప్పించే అతి చిన్న ఉదాహరణ, వచ్చిన ఎర్రర్ పూర్తి పాఠం అడగండి. అంతకు మించి అడిగితే జనం నింపకుండా వదిలేస్తారు. ప్రతి ఇష్యూకీ ఆ అరగంటలోనే ఒక నిర్ణయం చెప్పండి: చేస్తాను, ఎవరైనా చేస్తే తీసుకుంటాను, చేయం. ‘చూద్దాం’ అన్నది నిర్ణయం కాదు. అది ఇద్దరినీ ఏళ్లపాటు వేలాడదీస్తుంది. రెండో రకం వాటిలో ఏ ఫైల్‌లో మార్పు చేయాలో, ఏ టెస్ట్ రాయాలో రెండు లైన్లు రాస్తే నిజంగా ఎవరో ఒకరు చేసి పంపుతారు.

‘చేయం’ అనే జవాబును గిట్‌హబ్‌లోని సేవ్డ్ రిప్లైస్‌లో పెట్టుకోండి. ఇలా: ‘మీ ఆలోచన వల్ల ఉపయోగం ఉందని ఒప్పుకుంటాను. ఈ టూల్ సీఎస్‌వీ వరకే పరిమితం కావాలని నిర్ణయించుకున్నాం, ఎక్సెల్ చేరిస్తే దాని బగ్స్ కూడా చూసుకునేంత సమయం లేదు. ముందుగా ఫైల్‌ను సీఎస్‌వీగా మార్చి వాడుకోవచ్చు. ఇష్యూ మూసేస్తున్నాను, రాసినందుకు కృతజ్ఞతలు.’ అందులో కారణం ఉంది, ప్రత్యామ్నాయం ఉంది. క్షమాపణలు లేవు, అవసరం కూడా లేదు.

పెద్ద పుల్ రిక్వెస్ట్ వచ్చినప్పుడు, బాగా రాసిందే అయినా, ఒక ప్రశ్న వేసుకోండి: పంపినవాళ్లు రేపు కనిపించకపోతే దీన్ని నేను మోయగలనా? లేదనుకుంటే మెర్జ్ చేయకండి. కష్టపడి రాసింది వృథా అయిందని ఎవరికీ అనిపించకుండా ఉండాలంటే, ‘వంద లైన్లు దాటే మార్పైతే ముందు ఇష్యూ పెట్టి మాట్లాడండి’ అని కాంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో మొదట్లోనే రాయండి.

కొన్నాళ్లు కదలని ఇష్యూల్ని బాట్‌తో మూయించేవాళ్లున్నారు. వివరాలు అడిగి జవాబు రాని ఇష్యూలకు అది సరే. నిజమని తేలిన బగ్ రిపోర్టును మూయించడం మాత్రం తప్పు. దిద్దడానికి సమయం లేదన్నది ఒక సంగతి, బగ్ లేదన్నట్టు మూసేయడం వేరు. రిపోర్ట్ రాసినవాళ్లు మళ్లీ రాయరు.

భద్రతా లోపాల కోసం రిపో సెట్టింగుల్లో ప్రైవేట్ రిపోర్టింగ్ ఆన్ చేయండి. అది లేకపోతే మంచి ఉద్దేశంతోనే ఎవరో అందరికీ కనిపించే ఇష్యూలో రాస్తారు. అప్పుడు ఆఫీసు పని మధ్యలో వదిలేసి మీరు పరిగెత్తాలి.

ఏడో అడుగు: తోడు కోసం చూడండి, తాళాలు తొందరపడి ఇవ్వకండి

రెండు మూడు మంచి పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లను మీరే అడగండి. ముందు ఇష్యూలు వర్గీకరించే హక్కు, కొన్ని నెలల తర్వాత మెర్జ్ చేసే హక్కు, అన్నిటికన్నా చివర రిలీజ్ చేసే హక్కు. ఈ వరుస ఎందుకంటే, ఫైళ్లను కుదించే టూల్ ఎక్స్‌జెడ్ యుటిల్స్ విషయంలో జరిగింది ప్రతి ఒంటరి మెయింటెయినర్‌కూ (ప్రాజెక్టును చూసుకునేవాళ్లకూ) తెలియాలి. ఏళ్లుగా ఒక్కరే జీతం లేకుండా చూసుకుంటున్న ప్రాజెక్టు అది. 2022లో కొన్ని ఖాతాలు ‘పని నెమ్మదిగా సాగుతోంది, ఇంకొకరికి అప్పగించండి’ అని మెయిళ్ల మీద మెయిళ్లు రాసి ఒత్తిడి తెచ్చాయి. అప్పటికే సాయం చేస్తున్నట్టు కనిపించిన మరో ఖాతా అలా మెయింటెయినర్ అయింది. 2024లో 5.6.0, 5.6.1 విడుదలల్లోకి దొంగదారి చొప్పించింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (వేరే కంప్యూటర్‌లోకి దూరం నుంచి ప్రవేశించడం) అర సెకను ఆలస్యమవుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తవ్వి చూస్తే, ఆ మార్చి చివర్లో అది బయటపడింది. అలసిపోయి ఉన్నప్పుడు, ఎవరో తొందరపెడుతున్నప్పుడు హక్కులు ఇవ్వకండి. ఆలస్యమైన రిలీజ్ వల్ల జరిగే నష్టం చాలా చిన్నది.

మీ ప్రాజెక్టును ఆఫీసులోనే వాడుతుంటే, అక్కడ కావాల్సిన మార్పుల్ని ఆఫీసు టికెట్‌గా రాయించి, పని గంటల్లోనే చేయండి. ఆ కోడ్ కాపీరైట్ కంపెనీది కావొచ్చు, కాబట్టి ప్రాజెక్టు లైసెన్సు కింద దాన్ని విడుదల చేయడానికి కంపెనీ అనుమతి ముందే రాతలో తీసుకోండి. స్పాన్సర్ల డబ్బు తీసుకునేముందు ఒప్పందంలో ఇతర ఆదాయం గురించి ఏముందో చూడండి. ‘నెలకింత ఇస్తే ఇన్ని గంటల సాయం’ అనే రకం వాగ్దానాలు నాలుగు గంటల బడ్జెట్‌లో పెట్టుకోవద్దు.

ఎనిమిదో అడుగు: ఆపాల్సి వస్తే చెప్పి ఆపండి

కొత్త ఉద్యోగం, పసిబిడ్డ, ఆరోగ్యం, ఏదో ఒకటి రెండు మూడు నెలలు ప్రాజెక్టును ఆపుతుంది. చెప్పకుండా మాయమైతే అందరికన్నా ఎక్కువ బాధపడేది మీరే. చదవని నోటిఫికేషన్లు పెరిగేకొద్దీ ఆ పేజీ తెరవడానికే మనసొప్పదు. ఆగే రోజునే రీడ్‌మీ పైన రెండు లైన్లు రాయండి: ఎప్పటిదాకా విరామం, ఈలోగా భద్రతా లోపాలు తప్ప ఏవీ చూడరన్న మాట. ఆ మాటైనా నిలబెట్టుకోలేని పరిస్థితి అయితే అదీ రాయండి. వ్యాఖ్యల తాకిడి ఎక్కువైతే గిట్‌హబ్‌లోని ఇంటరాక్షన్ లిమిట్స్‌తో 24 గంటల నుంచి ఆరు నెలల దాకా కొత్తవాళ్ల వ్యాఖ్యల్ని ఆపొచ్చు. ఇక చేయలేనని తేలితే రిపోను ఆర్కైవ్ చేయండి. కోడ్ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, క్లోన్ చేసుకోవచ్చు, మనసు మారితే మీరు తిరిగి తెరవొచ్చు.

విరామం తర్వాత తిరిగొచ్చిన మొదటి రోజు పేరుకుపోయిన ఇష్యూల జోలికి వెళ్లకండి. ముందు చివరి నోటు చదవండి. కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి టెస్టులు నడపండి. యాక్షన్స్ ట్యాబ్‌కు వెళ్లి ఆగిపోయిన షెడ్యూళ్లను మళ్లీ ఆన్ చేయండి. డిపెండెన్సీ అప్‌డేట్లను ఒకేసారి తీసుకోండి. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు అడిగిన ఒక చిన్న బగ్‌ను ఎంచుకుని దిద్ది, దానితోనే రిలీజ్ చేయండి. మీ పైప్‌లైన్ ఇంకా పనిచేస్తోందో లేదో ఆ చిన్న రిలీజ్‌తో తెలిసిపోతుంది. సగంలో ఆగిన పెద్ద ఫీచర్ బ్రాంచ్‌ను అది బయటికి వెళ్లాకే తెరవండి.